పేరుంది, నెల జీతం లేదు

ఫ్రాన్సులో బొమ్మల కథ (కామిక్స్) గీసినవారి పేరు పుస్తకం అట్ట మీద పెద్ద అక్షరాలలో ఉంటుంది. ఇక్కడి చట్టం వారిని నవలా రచయితతో సమానంగా చూస్తుంది. గీసిన అసలు పేజీలు ప్రచురణకర్తకు కాదు, గీసినవారికే చెందుతాయి. నెల తిరిగేసరికి బ్యాంకులో పడే జీతం మాత్రం ఉండదు. పనిలేని రోజుల భృతి లేదు, జీతంతో కూడిన సెలవు లేదు.

నేనుండే ఊరు ఆంగులేమ్. పారిస్ నుంచి వేగంగా వెళ్లే రైలులో సుమారు రెండు గంటల ప్రయాణం. షారాంత్ నది పక్కన గుట్ట మీద, కోటగోడల చుట్టూ పెరిగిన ఊరు. ఒకప్పుడు కాగితపు మిల్లులకు పేరుపడింది. 1974లో ఇక్కడ బొమ్మల కథల ఉత్సవం మొదలయ్యాక ఊరి రూపమే మారిపోయింది. వీధి పేర్ల పలకలు మాటల బుడగల ఆకారంలో ఉంటాయి. ఇళ్ల గోడల మీద కథల పాత్రలు నిలువెత్తున కనిపిస్తాయి. ఈ కళకే కట్టిన మ్యూజియం ఉంది, గీసేవారికి కొంతకాలం చోటిచ్చే రచయితల భవనం ఉంది. చందమామ బొమ్మలు చూస్తూ పెరిగిన నాకు ఇది ఎంత సంతోషమో చెప్పలేను. మా పనికి ఇంత గౌరవం ఇచ్చే ఊరు ఇంకోటి ఉందనుకోను.

గౌరవం ఒకటి, గడవడం ఒకటి.

సాధారణంగా ఒక పుస్తకంలో కథ 46 పేజీలు. రచయిత ఇచ్చిన దృశ్యాన్ని ముందు చిన్న గడులుగా విడగొట్టుకోవాలి. తర్వాత పెద్ద కాగితం మీద పెన్సిలు, దాని మీద ఇంకు, చివరికి రంగులు. ఇప్పుడు నేను గీస్తున్న కథ పందొమ్మిదో శతాబ్దపు కాగితపు మిల్లులో జరుగుతుంది. సిగరెట్ కాగితం తయారుచేసిన పాత మిల్లొకటి ఇక్కడ కాగితపు మ్యూజియంగా మారింది. అక్కడి నీటి కాలువను, ఇనుప దూలాలను, కిటికీల ఎత్తును చూసి గీసుకోకుండా మొదటి గడి కూడా మొదలుపెట్టలేకపోయాను. తడి కాగితాన్ని రెండు చేతులతో ఎత్తే ఆడకూలీ మణికట్టు ఎలా వంగుతుంది? అది సరిగ్గా పడకపోతే ఆమె బరువు మోస్తున్నట్టు అనిపించదు. పాఠకుడు ఆ పేజీని అర నిమిషంలో తిప్పేస్తాడు, తిప్పేయాలి కూడా. నాకు మాత్రం ఒక పేజీకే వారంలో ఎక్కువ రోజులు పట్టేస్తాయి. మొత్తం పుస్తకానికి ఏడాది చాలదు.

ఆ ఏడాదికి వచ్చేది అడ్వాన్సు. సంతకం చేసినప్పుడు కొంత, సగం పేజీలకు కొంత, అన్నీ ఇచ్చాక మిగతాది. పుస్తకం అమ్మకాల మీద రావలసిన శాతం ఆ అడ్వాన్సు తీరిన తర్వాతే చేతికొస్తుంది. ఉదాహరణకు ధర 16 యూరోలు, గీసినవారికీ రాసినవారికీ కలిపి 10 శాతం అనుకుందాం. పన్ను తీసేస్తే ప్రతికి సుమారు ఒకటిన్నర యూరో. 18,000 యూరోల అడ్వాన్సు తీరాలంటే 12,000 ప్రతులు అమ్ముడుపోవాలి. చాలా పుస్తకాలు ఆ దరిదాపులకు కూడా రావు.

మా నాన్న ఫోనులో అడిగారు: "నెలకు ఎంత వస్తుందమ్మా?"

"నెలకని ఉండదు నాన్నా. పుస్తకానికి ఇంత అని ఇస్తారు."

"మరి మధ్యలో ఎలా?"

ఇక్కడి కళాకారులనూ వేధించేది ఆ 'మధ్యలో'నే. రిటైర్మెంటు చందాల పెంపుకు వ్యతిరేకంగా 2015 జనవరిలో ఉత్సవం జరుగుతుండగానే వందలమంది ఈ వీధుల్లో ఊరేగారు. మరుసటి ఏడాది ఈ వృత్తి మీద ఒక పెద్ద సర్వే వెలువడింది. వృత్తిగా గీసేవారిలో, రాసేవారిలో 53 శాతం మంది ఆదాయం చట్టం చెప్పే కనీస వేతనానికి తక్కువని, 36 శాతం మంది పేదరికపు గీత కింద ఉన్నారని తేలింది. ఆడవాళ్ల లెక్క ఇంకా అన్యాయం: 67 శాతం, 50 శాతం. 2026 జనవరిలో జరగాల్సిన ఉత్సవాన్ని నిర్వాహకుల తీరుకు నిరసనగా కళాకారులు, ప్రచురణకర్తలు బహిష్కరించడంతో అది రద్దయింది. ఊరు నష్టపోయింది, నాకూ బాధేసింది. అయినా వాళ్ల పక్షమే నాది.

పరాయి దేశం నుంచి వచ్చినవారికి ఇంకో మెలిక ఉంది. కళాకారులకిచ్చే నివాస కార్డు కావాలంటే కనీస వేతనంలో 70 శాతమైనా ఆదాయం చూపాలి, అందులో సగానికి పైగా కళ ద్వారానే రావాలి. ఒక ఏడాది పుస్తకం కుదరకపోతే నా ఫ్రెంచి స్నేహితురాలు ప్రభుత్వ కనీస భృతితో నెట్టుకొస్తుంది. ఐరోపా బయటి నుంచి వచ్చినవారికి ఆ భృతి దక్కాలంటే మామూలుగా పనిచేసే అనుమతితో ఐదేళ్లు ఇక్కడ ఉండి ఉండాలి. ఆమెకు అది ఇబ్బందికరమైన ఏడాది, నాకు దేశంలో ఉండనిస్తారా లేదా అన్న ఏడాది. అందుకే మాలాంటివాళ్లు తక్కువ డబ్బిచ్చే ఒప్పందానికి కూడా తలూపుతారు. ఇతరుల పుస్తకాలకు రంగులు వేస్తూ, బడిపిల్లలకు బొమ్మల కథలు నేర్పుతూ నేను ఆ ఖాళీని పూడ్చుకుంటున్నాను. పిల్లలతో గడిపే ఆ పూటలు నాకు చాలా ఇష్టం.

అమెరికాలో 1938లో సూపర్‌మ్యాన్ హక్కులను ఇద్దరు కుర్రాళ్లు 130 డాలర్లకు వదులుకున్నారు. ఏటా కొంత సొమ్మూ, తమ పేరు మళ్లీ అచ్చులో చూసుకునే భాగ్యమూ 1975లో గాని వాళ్లకు దక్కలేదు. మన బేతాళుణ్ణి గీసిన శంకర్ గారు చందమామలో ఉద్యోగిగా చేరి దాదాపు ఆరు దశాబ్దాలు బొమ్మలు గీశారు. ఆయనకు నెల జీతముండేది. ఫ్రాన్సు గీసేవారి పేరును కాపాడింది, హక్కును కాపాడింది. ఇక గీస్తున్న నెలలను కూడా పనిగా లెక్కగట్టాలి, అడ్వాన్సుతో ముడిపెట్టకుండా పేజీకింత కూలి విడిగా ఇవ్వాలి. ఇది దయ అడగడం కాదు.

కొత్త పుస్తకం ఒప్పందంలో ఈ మాట రాయమని అడుగుతున్నాం. రంగులు వేసే ఆమెకు కూడా అట్ట మీద పేరు, అమ్మకాల్లో వాటా ఉండాలని రెండో షరతు పెట్టాం. వచ్చే నెల ప్రచురణకర్త దగ్గరికి రచయిత, ఆమె, నేను ముగ్గురం కలిసే వెళ్తున్నాం. విడివిడిగా సంతకాలు చేయబోమని ముందే చెప్పేశాం.