ఫరాల్యోని రాళ్ళ కింద ఊదారంగు

ఇటలీలో నేపుల్స్ రేవు నుంచి కాప్రీ దీవికి రెండు రకాల ఓడలు వెళ్తాయి. వేగంగా వెళ్ళేదాంట్లో అద్దాల వెనక కూర్చోవాలి. నెమ్మదిగా వెళ్ళే పెద్ద ఫెర్రీలో అయితే పైకెక్కి గాలిలో నిలబడొచ్చు. అక్క తొందరగా వెళ్ళిపోదామంది. "సముద్రం చూడ్డానికే కదక్కా ఇంత దూరం వచ్చాం" అని పెద్ద ఫెర్రీ ఎక్కించాను. వెనకాల వెసూవియస్ కొండ చిన్నదవుతోంది. రేవులో కాస్త పచ్చగా, మురికిగా ఉన్న నీళ్ళు బయటికి వచ్చేసరికి ముదురు నీలంలోకి తిరిగాయి. నేను కమ్మీ పట్టుకుని కిందికి చూస్తూనే ఉన్నాను.

నాది విశాఖపట్నం. బొమ్మలు వేయడం మొదలుపెట్టినప్పటి నుంచీ వేస్తున్నది సముద్రమే. మన సముద్రానికి నీలం ఒక్కటే సరిపోదు. గోదావరి, కృష్ణ, పైన గంగ మోసుకొచ్చే ఒండ్రు కలిసి బంగాళాఖాతం ఒకరోజు ఆకుపచ్చగా, ఒకరోజు బూడిదరంగుగా, వాన పడితే మట్టిరంగుగా కనిపిస్తుంది. నా పాలెట్ మీద నీలం పక్కన ఎప్పుడూ బర్న్‌ట్ సియెన్నా అనే ఎర్రమట్టి రంగు ఉండేది అందుకే. కాప్రీలో నది అన్నదే లేదు. దీవి దాదాపు అంతా సున్నపురాయే. పైగా మధ్యధరా నీళ్ళలో పోషకాలు తక్కువ కాబట్టి నీటిని పచ్చబరిచే సూక్ష్మమైన మొక్కలూ తక్కువే. వెలుతురు బాగా లోతుకి దిగుతుంది. ఎరుపును నీళ్ళు ముందే మింగేస్తాయి, నీలం తిరిగి పైకొస్తుంది. ఇదంతా చదువుకుని వెళ్ళినదే. అయినా అది కళ్ళెదురుగా కనిపిస్తున్నప్పుడు ఏ ట్యూబు మూత తీయాలో తేల్చుకోవడం వేరే సంగతి.

విమానంలో టర్పెంటైన్ తీసుకెళ్ళనివ్వరు. అందుకని ఆయిల్ రంగులు ఇంట్లోనే వదిలేసి వాటర్ కలర్స్, మందపాటి కాగితం పట్టుకెళ్ళాను. అక్కడ చేసుకోవాల్సింది రంగుల నోట్సు, అసలు బొమ్మ ఇంటికొచ్చాకే అనుకున్నాను.

ఊరి చౌకు నుంచి త్రగారా వీధి పట్టుకుని నడిస్తే చివర కొండ అంచు వస్తుంది. అక్కడి నుంచే ఫరాల్యోని కనిపిస్తాయి. సముద్రంలోంచి నిటారుగా లేచిన మూడు రాళ్ళు. ఒడ్డుకి ఆనుకున్నది 109 మీటర్ల ఎత్తు, నడిమిది 81, బయటిది 104. నడిమి రాతికి అడ్డంగా ఒక సొరంగం ఉంది, పడవలు అందులోంచి దూరి వెళ్తాయి. బయటి రాతి మీద నీలం రంగు బల్లులు ఉంటాయి. ఆ బల్లులు నాకు కనిపించలేదు కానీ, ఆ రంగు ఉన్న ప్రాణి అలాంటి చోట ఉందంటే వెంటనే నమ్మేస్తాం.

పగటిపూట వచ్చి వెళ్ళే జనం సాయంత్రం ఓడలకి దిగిపోయాక అక్కడ కాస్త చోటు దొరికింది. పడమటి ఎండ రాళ్ళ ఒక పక్కన పడుతోంది. ఆ పక్క తెలుపు కాదు, లేత పసుపూ గులాబీ కలిసిన రంగు. నీడ పడ్డ పక్క బూడిదరంగు కాదు, ఊదా. రాయి నీళ్ళలో దిగే చోట ఆ ఊదా చిక్కబడి, ఒక పట్టీలా రాతి చుట్టూ తిరిగింది. సంధ్య దాకా ఆ పట్టీ మీదే పనిచేశాను. గాలికి రంగు కాగితం మీద వెంటవెంటనే ఆరిపోతోంది. "ఇంకా ఎంతసేపే? చలేస్తోంది" అని అక్క తన శాలువా కూడా నాకే కప్పింది.

మర్నాడు మరీనా పిక్కోలాకి దిగాం. అక్కడ ఇసుక లేదు, గులకరాళ్ళే. ఒడ్డుకి దగ్గర్లో ఒక చిన్న తెల్ల పడవ కట్టేసి ఉంది. దాని లంగరు తాడు నీళ్ళలోకి దిగుతుంటే నాచు పట్టిన ముడులతో సహా అడుగుదాకా కనిపిస్తోంది. పడవ నీడ నీళ్ళ మీద లేదు, అడుగున గులకరాళ్ళ మీద పడి ఉంది. పడవ కదిలితే కాస్త ఆలస్యంగా కదిలినట్టుంది. "నీడ కూడా నీలంగా ఉందేంటే?" అంది అక్క. నాకు కావాల్సినది అక్కడే దొరికింది. మన దగ్గర సముద్రం వేస్తే పైచర్మం వేస్తాను: అలలు, నురగ, వెలుగు. ఇక్కడ ముందు సముద్రపు అడుగుభాగం వెయ్యాలి, దాని మీద నీళ్ళు వెయ్యాలి.

గ్రోత్తా అజ్జుర్రా, అంటే నీలి గుహ, చూడాలంటే సముద్రం ఒప్పుకోవాలి. కాస్త అల లేచినా మూసేస్తారు. మాకు దారి దొరికింది. గుమ్మం ఎత్తు ఒక మీటరు. చిన్న పడవలో వెల్లకిలా పడుకుంటే పడవవాడు గోడకున్న గొలుసు పట్టుకుని ఒక్క లాగు లాగుతాడు. లోపల పైనంతా చీకటి, వెలుతురంతా కిందినుంచే. గుమ్మం కింద, నీళ్ళ లోపల, ఇంకో పెద్ద కన్నం ఉంది, ఎండ అందులోంచి వస్తుంది. చెయ్యి ముంచితే వేళ్ళకంటిన చిన్న చిన్న గాలి బుడగలతో చెయ్యి వెండిలా మెరిసింది. ఉండనిచ్చేది కొద్ది నిమిషాలే. 1826లో ఇక్కడికి ఈదుకుంటూ వచ్చి, దీని సంగతి యూరప్‌కి తెలియజేసినవాళ్ళలో ఇద్దరు జర్మన్ చిత్రకారులు, ఆగస్ట్ కోపిష్, ఎర్న్‌స్ట్ ఫ్రీస్. అప్పటికి ఊళ్ళోవాళ్ళకి ఆ గుహంటే భయం. రంగు కోసం ఆ భయం దాటి వెళ్ళిన మనుషులంటే నాకు గౌరవం.

కాప్రీకి వెళ్ళేవాళ్ళలో చాలామంది సాన్ జాకొమో మఠాన్ని వదిలేస్తారు. బొమ్మలంటే ఇష్టమున్నవాళ్ళు వదలకూడదు. 14వ శతాబ్దపు ఆ మఠంలో కార్ల్ విల్హెల్మ్ డీఫెన్‌బాఖ్ చిత్రాల మ్యూజియం ఉంది. ఆయన జర్మన్ చిత్రకారుడు, ఈ దీవికి వచ్చి ఇక్కడే ఉండిపోయి 1913లో ఇక్కడే చనిపోయాడు. బయటేమో కళ్ళు చెదిరే ఎండ. లోపల నిలువెత్తు కాన్వాసుల మీద నల్లటి కొండలు, చీకటి సముద్రం, ఎక్కడో ఒక గీత వెలుగు. రంగు పొరలు పొరలుగా, గరుగ్గా పేరుకుని ఉంది. ఇదే దీవికి 1878లో ఇరవై రెండేళ్ళ అమెరికన్ చిత్రకారుడు జాన్ సింగర్ సార్జెంట్ వచ్చాడు. ఊరి అమ్మాయి రోజీనా ఫెర్రారా డాబా మీద నాట్యం చేస్తుండగా వేసిన ఆయన బొమ్మలో తెల్లగోడల నీడలన్నీ లేత ఊదా. ఇద్దరివీ నిజమైన కాప్రీలే అని నాకు గట్టిగా అనిపించింది. డీఫెన్‌బాఖ్ బొమ్మల ముందే నేను ఎక్కువసేపు నిలబడ్డాను. అంత నలుపులోనూ నీళ్ళకి లోతుంది.

విశాఖ వచ్చాక కాన్వాస్ బిగించి, ముందుగా సముద్రపు అడుగుభాగం వేశాను. ఓకర్ అనే మట్టిపసుపు, కాస్త గులాబీ, గులకరాళ్ళ మచ్చలు. అది పూర్తిగా ఆరేదాకా ఆగి, లిన్‌సీడ్ ఆయిల్‌లో పల్చన చేసిన పచ్చనీలం ఒక పొర. అదీ ఆరాక థాలో బ్లూ ఇంకా పల్చగా, లోతు పెరిగే వైపు మాత్రమే. పొరకీ పొరకీ మధ్య రోజులు పట్టాయి. తొందరపడాలని లేదు. కింద వేసిన గులకరాళ్ళు పైనీలంలోంచి కనిపించీ కనిపించనట్టు ఉన్నప్పుడు ఆపాను. రాళ్ళ మొదట్లో ఊదా పట్టీ అన్నిటికంటే చివర వేశాను, త్రగారా దగ్గర చేసుకున్న నోట్సు పక్కన పెట్టుకుని. సియెన్నా ఎండ పడ్డ రాతికే వెళ్ళింది, నీళ్ళలోకి రాలేదు.

వీడియో కాల్‌లో అక్కకి చూపించాను. కాసేపు దగ్గరికి జరిగి చూసింది.

"బావుందే. కానీ రాళ్ళ తలలు కోసేశావేంటి? 109 మీటర్లని చెప్పి చెప్పి నన్ను చంపావుగా!"

"నీళ్ళకి చోటు చాల్లేదక్కా" అన్నాను.