హిరోషిమా పెనం మీద

మా తమ్ముడు ఒసాకాలో ఉద్యోగంలో చేరి నాలుగేళ్లయింది. "అక్కా, ఎప్పుడొస్తున్నావ్?" అని వాడు అడగని పండగ లేదు. మొన్న జూలైలో ఎట్టకేలకు వెళ్లాను. టోక్యో, క్యోటో తర్వాత చూద్దాం, ముందు హిరోషిమా తీసుకెళ్లమన్నాను. చిన్నప్పుడు సోషల్ పుస్తకంలో ఆ ఊరి గురించి ఉన్నది రెండు లైన్లు. పరీక్షకి బట్టీపట్టి రాసేశాను. ఆ రెండు లైన్ల అవతల ఒక ఊరుందని, అక్కడా పొద్దున్నే లేచి పొయ్యి వెలిగించే ఇళ్లున్నాయని ఆ వయసులో తట్టలేదు. పెద్దయ్యాక తట్టింది, తట్టినప్పటి నుంచీ చూడాలనిపిస్తూనే ఉంది.

షిన్-ఒసాకాలో షిన్‌కాన్‌సెన్ (బుల్లెట్ రైలు) ఎక్కితే గంటన్నరలో హిరోషిమా. స్టేషన్ దగ్గర ట్రామెక్కాం. ఓటా నది ఊళ్లోకొచ్చేసరికి పాయలుగా చీలిపోతుంది, ఆ పాయల మధ్య లంకల మీద ఊరు కట్టుకున్నారు. హిరోషిమా అంటేనే విశాలమైన దీవి అని అర్థమట. వంతెన, నీళ్లు, మళ్లీ వంతెన. కోనసీమలో పుట్టినదాన్ని, కొత్తూరికొచ్చానన్న బెరుకు అక్కడే సగం పోయింది. మిగతా సగం ఏటి ఒడ్డున గన్నేరు చెట్లు చూసి పోయింది. గులాబీరంగు పూలతో విరగబూసి ఉన్నాయి.

"ఇదేంట్రా, మన పెరట్లో గన్నేరు!"

"ఈ ఊరి పువ్వు అదే అక్కా" అన్నాడు తమ్ముడు. బాంబు పడ్డాక 75 ఏళ్ల దాకా ఇక్కడ గడ్డి కూడా మొలవదని అప్పట్లో చెప్పుకున్నారట. కాలిపోయిన నేలలో ముందుగా పూసిన వాటిల్లో గన్నేరు ఒకటి. అందుకని దాన్నే తమ ఊరి పువ్వుగా పెట్టుకున్నారు. అమ్మ రోజూ శివుడికి కోసే పువ్వుని ఆ మాట విన్నాక ఇంకోలా చూశాను.

అణుబాంబు డోమ్ ట్రాము స్టాపుకి ఎదురుగానే ఉంది. 1915లో యాన్ లెట్జెల్ అనే చెక్ ఆర్కిటెక్ట్ కట్టిన భవనం. 1945 ఆగస్టు 6 పొద్దున 8:15కి బాంబు దాదాపు దాని నెత్తిమీదే, నేలకి 600 మీటర్ల ఎత్తున పేలింది. పైనుంచి నిట్టనిలువుగా దెబ్బ తగలడంతో లోపలున్న వాళ్లెవరూ మిగల్లేదు గానీ గోడలు కొన్ని నిలబడ్డాయి. ఇనప కమ్మీల గుమ్మటంలోంచి ఆకాశం కనిపిస్తుంది. దగ్గర్లోనే మోతోయాసు ఏటి పక్కన గాంధీగారి విగ్రహం ఉంది, 2023లో పెట్టారు. అక్కడ నించుని దండం పెట్టుకున్నాను.

మ్యూజియం గురించి ఎక్కువ రాయలేను. ఒక్కటి మాత్రం చెప్పాలి. 13 ఏళ్ల బడిపిల్లవాడి లంచ్ బాక్సు. మనం చిన్నప్పుడు బడికి తీసుకెళ్లిన కోడిగుడ్డు ఆకారపు డబ్బా లాంటిదే, మూతతో సహా వంకర్లు పోయింది. లోపలున్న అన్నం బొగ్గయింది. బార్లీ, సోయా కలిపి వండిన అన్నం, పక్కన బంగాళదుంప కూర. మూడు రోజుల తర్వాత తల్లి కొడుకు శవాన్ని వెతికి పట్టుకునేసరికి ఆ డబ్బా వాడి పొట్ట కింద ఉందట. తినలేదు. నేనూ ఇద్దరు పిల్లలకి రోజూ డబ్బా కట్టే మనిషిని. మూత తీయకుండా డబ్బా ఇంటికొస్తే ఆ సాయంత్రం నాకెంత గుచ్చుకుంటుందో నాకు తెలుసు. ఆ గాజు పెట్టె దగ్గర్నుంచి కదలడానికి చాలాసేపు పట్టింది. తమ్ముడు పక్కనే నించున్నాడు, ఏమీ మాట్లాడలేదు.

ఆ మధ్యాహ్నం ఇద్దరం ఏమీ తినలేదు. సాయంత్రం ఆరయ్యాక "ఈ ఊళ్లో తినకుండా పడుకోవడం తప్పు, లే అక్కా" అని వాడే లేవదీశాడు. హిరోషిమా అంటే ఒకోనోమియాకీ, పెనం మీద వేసే ఒకరకం అట్టు. దానికోసమే ఒకోనోమిమురా అని ఒక బిల్డింగుంది, మూడు అంతస్తుల నిండా అవే షాపులు. మేం మాత్రం సందులో ఒక చిన్న షాపుకెళ్లాం. ఏడెనిమిది స్టూళ్లు, వాటి ముందు పొడుగ్గా ఒకటే ఇనప పెనం, అవతల డెబ్బై దాటిన ఒక పెద్దావిడ. మావాడు ఆవిణ్ణి ఓబాచాన్ అని పిలిచాడు, మనం మామ్మగారూ అన్నట్టు.

ఆవిడ గరిటెడు పలచటి పిండి పోసి, గరిటె అడుగుతోనే గుండ్రంగా తిప్పింది. మణికట్టు తిరిగిన తీరు చూసి నా చెయ్యి దానంతటదే కదిలింది, అచ్చం దోసె వేసినట్టే. దాని మీద చేపపొడి చల్లి, సన్నగా తరిగిన క్యాబేజీ జానెడెత్తు పోసింది. ఇంత ఎత్తు ఎలా తిరగేస్తుందా అనుకున్నాను. ఆ పైన మొలకలు, బూందీ పలుకుల్లాంటి వేపుడు పిండి. పంది మాంసం వద్దని వీడు ముందే చెప్పాడు కాబట్టి మాకు రొయ్యలు. రెండు చేతులా రెండు అట్లకాడలు దోపి మొత్తం ఒక్క ఊపులో తిరగేసింది. ఒక్క ముక్క బయట పడలేదు.

ఆ తర్వాత ఆవిడ దాన్ని ముట్టుకోలేదు. కలపకపోవడమే ఇక్కడి పద్ధతి. ఒసాకాలో అన్నీ పిండిలో కలిపేసి వేస్తారు, ఇక్కడ పొరలు పొరలుగా పేరుస్తారు. పైనున్న పలచటి అట్టు మూతలా పనిచేస్తుంది, క్యాబేజీ తన ఆవిరిలో తానే మగ్గుతుంది. మగ్గుతూ మగ్గుతూ జానెడెత్తు కుప్ప నాలుగు వేళ్లకి దిగింది. ఈలోగా పక్కన నూడుల్స్ వేయించి, అట్టునెత్తి వాటి మీద పెట్టింది. చివర్లో గుడ్డు పగలగొట్టి అంతే వెడల్పున పరిచి, దానిమీదకి మొత్తం జరిపి, మళ్లీ తిరగేసింది. పైన నల్లటి తియ్యటి సాసు. ఒటాఫుకు అనే ఈ ఊరి కంపెనీదే, ఆ తీపికి ఖర్జూరం వాడతారు.

ప్లేటు లేదు. పెనం మీద మా వైపుకి తోసి, తలా ఒక చిన్న అట్లకాడ చేతికిచ్చింది. వాళ్లు దాన్ని హెరా అంటారు. దాంతోనే కోసుకుని, దాంతోనే నోట్లో పెట్టుకోవాలి. అడుగున నూడుల్స్ కరకరలాడాయి, మధ్యలో క్యాబేజీ తియ్యగా నీరుగా ఉంది. ఆకలి మీదున్నానేమో, కళ్లలో నీళ్లు తిరిగాయి.

యుద్ధానికి ముందు ఇది పైసాకి దొరికే పిల్లల చిరుతిండి. బాంబు తర్వాత బియ్యం లేక, అమెరికా నుంచొచ్చిన గోధుమపిండితో ఇదే పెద్దల భోజనమైంది. మొగుణ్ణి పోగొట్టుకున్న ఆడవాళ్లు ఇంటి ముందుగదిలో పెనం పెట్టుకుని బతికారు. అందుకే ఇక్కడ చాలా షాపులకి ఎవరో ఒకావిడ పేరు, చివర ముద్దుగా పిలిచే "చాన్" ఉంటుంది. తప్పిపోయిన వాళ్లు ఆ పేరు చూసి వెతుక్కుంటూ వస్తారన్న ఆశతో పెట్టుకున్నారని కూడా చెబుతారు. ఈ షాపు ఓబాచాన్ అత్తగారు మొదలుపెట్టిందట. పెనం చూపిస్తూ ఆవిడ ఏదో అంది. "మధ్యలో పల్లం పడింది, అయినా మార్చబుద్ధి కావట్లేదు అంటోంది" అని చెప్పాడు తమ్ముడు.

రెండో రోజు మియాజిమా దీవికి బయల్దేరాం. ఇవతలి రేవులో అనగోమెషి తిన్నాం. పాము లాంటి సముద్రపు చేపని కాల్చి, ముక్కలు అన్నం మీద పరుస్తారు. పులస తిని పెరిగిన నాలిక నాది, ఊరికే మెచ్చుకోదు, దీన్ని మెచ్చుకుంది. పడవలో పది నిమిషాల ప్రయాణం. సముద్రంలో నించున్న అక్కడి గుడి ఎర్రటి తోరణం 1875 నాటిది, పాతిపెట్టలేదు, తన బరువు మీదే నిలబడింది. పొద్దున నీళ్లలో ఉంది, మధ్యాహ్నం పోటు తగ్గాక బురదలో నడిచి దాని కాళ్లదాకా వెళ్లాం. కర్పూరం చెట్టు మాను, నా రెండు చేతులూ చాపినా చుట్టూ రాలేదు. వేడివేడిగా వేయించిన మోమిజి మంజూ, అంటే ఆకు ఆకారంలో ఉండే తీపి బిళ్లలు, రెండేసి తిన్నాం. అంతకంటే ఆ దీవి గురించి చెప్పేవాళ్లు చాలామందే ఉన్నారు.

మూడో రోజు పొద్దున తొందరగా లేచింది ట్రాము కోసం. బాంబు దెబ్బ తిని, బాగుచేయించుకుని ఇప్పటికీ తిరిగే పెట్టెలు 651, 652. బాంబు పడ్డ మూడో రోజుకే కొంత దూరం ట్రాములు నడిపించారీ ఊళ్లో. ఇప్పుడవి ఆఫీసు వేళల్లోనే ఎక్కువగా కనిపిస్తాయి. నాలుగు ట్రాములు వదిలేశాక 651 వచ్చింది. చెక్క నేల, మూలుగుతూ తిరిగే చక్రాలు. ఫొటో తీద్దామని ఫోను పైకెత్తి మళ్లీ దించేశాను, అందరూ పనికి పోయే మనుషులు. ఎదురు సీట్లో ఒక హైస్కూలు పిల్లాడు కునికిపాట్లు పడుతున్నాడు. ఒళ్లో నీలం గుడ్డలో మూట కట్టిన లంచ్ బాక్సు. వంతెన మలుపులో ట్రాము ఊగినప్పుడు, కళ్లు తెరవకుండానే దాన్ని రెండు చేతులతో పట్టుకున్నాడు.