గ్రీన్‌కార్డు మెడికల్‌లో టీబీ పాజిటివ్: డెన్వర్‌లో నా అనుభవం

మెడికల్ రిపోర్టు ఉన్న సీలు వేసిన కవరు ఇవాళే చేతికొచ్చింది. కోపం చల్లారకముందే రాసేస్తున్నా.

టీకాల కాగితాలు, సంతకాలు ఇట్టే అయిపోయాయి. టీబీ రక్తపరీక్ష పాజిటివ్ వచ్చింది. చిన్నప్పటి బీసీజీ టీకా వల్లేమో అనుకోకండి. బీసీజీ తికమక పెట్టేది చేతి మీద సూది పరీక్షని, దీన్ని కాదు.

ఆ సంగతి నాకెలా చెప్పారనుకున్నారు? అందరూ కూర్చున్న హాల్లో, కౌంటర్ పిల్ల గొంతెత్తి, "మీకు టీబీ, వెళ్ళి కార్లో కూర్చోండి" అంది. నాకు దగ్గు లేదు, జ్వరం లేదు. పక్క కుర్చీలో తెలుగావిడ పిల్లాణ్ణి లాక్కుని అవతలికి జరిగింది. మొన్న దసరాకి మా ఇంట్లో భోంచేసిన మనిషే! కార్లో కూర్చుని ఏడ్చాను. తీరా ఎక్స్‌రేలో ఏమీ లేదు. క్రిమి నిద్రపోతోంది, అంటదు, గ్రీన్‌కార్డుకి అడ్డం రాదు. ఈ ముక్క డాక్టరు చెప్పేదాకా ఒక్కరూ నోరు విప్పలేదు. క్షమాపణా లేదు.

కౌంటీ క్లినిక్ వాళ్ళు మాత్రలు ఉచితం అన్నారు. ఉచితం అనగానే నాకు పబ్లిక్ ఛార్జ్, అంటే సర్కారు సొమ్ము మీద ఆధారపడే మనిషి అన్న ముద్ర, పడుతుందేమోనని భయం పట్టుకుంది. ఆఫీసులో ఒక యూదు మిత్రుడితో అంటే, "మా ముత్తాతదీ ఇదే భయం" అన్నాడు. ఆ ముత్తాత న్యూయార్క్‌లో దర్జీ, క్షయతో ఈ ఊరొచ్చాడట. 1907 చట్టం ప్రకారం క్షయ ఉన్నవాళ్ళని రేవులోనే ఆపేసేవారు. దిగిన మూడేళ్ళలోపు పబ్లిక్ ఛార్జ్ అయితే, దానికి కారణం రాకముందే ఉందని తేలితే వెనక్కి పంపేసేవారు. జబ్బుతో సర్కారు ఆసుపత్రి గడప తొక్కాలంటే గుండె దడే. అందుకే యూదుల చందాలతో నడిచే ఆసుపత్రులు వాళ్ళకి దిక్కయ్యాయి. ఇక్కడ 1899లో తెరిచిన నేషనల్ జూయిష్ హాస్పిటల్ పైసా తీసుకునేది కాదు, కానీ మొదట్లో జబ్బు ముదరనివాళ్ళనే చేర్చుకునేది. 1904లో తూర్పు యూరప్ నుంచి వచ్చిన వలసజీవులే కూడబలుక్కుని ఈ ఊళ్ళోనే వెస్ట్ కోల్‌ఫాక్స్ వీధిలో ఇంకో శానిటోరియం (క్షయ ఆసుపత్రి) పెట్టారు. ముదిరినవాళ్ళకీ చోటిచ్చారు, గుడారాల్లో పడుకోబెట్టి కోషర్ (యూదుల మతనియమాల ప్రకారం వండిన) భోజనం పెట్టారు. మన సంఘాలు గాలా డిన్నర్లకి పెట్టే ఖర్చు తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

టీబీ మాత్రలు పబ్లిక్ ఛార్జ్ లెక్కలోకి రావని మా లాయరు తేల్చాడు. మీరూ మీ లాయర్నే అడగండి, వాట్సాప్ గ్రూపుని కాదు. ఫలితం గదిలోకి పిలిచి చెప్పమని క్లినిక్‌లో ముందే అనండి. నాకిచ్చింది రిఫాంపిన్ అనే టీబీ మందు, నాలుగు నెలలు. మూత్రం నారింజ రంగులో వస్తుంది, కంగారు పడకండి.