ఖాళీగా మిగిలిన గడి

ఈరోజు తెల్లవారుజామున ఐదు గంటల ప్రార్థన తప్పిపోయింది. అలారం మోగినట్టు లీలగా గుర్తుంది. మళ్లీ కళ్లు తెరిచేసరికి ఏడు దాటింది. తమ్ముడి ఉద్యోగం కోసం మొదలుపెట్టిన 40 రోజుల ప్రార్థనలో ఇది 28వ రోజు, అతని ఇంటర్వ్యూ కూడా ఈరోజే.

లేచిన వెంటనే గుండెల్లో దడ మొదలైంది. దేవునితో గడపవలసిన సమయం పోయిందన్న బాధకన్నా, ఇన్నాళ్లు ఒక్కొక్కటిగా పేర్చుకుంటూ వచ్చినదంతా నా నిద్ర మూలంగా కూలిపోయిందన్న దిగులే ఎక్కువగా ఉంది. నోటు పుస్తకం తీసి చూశాను. పేజీ నిండా స్కేలుతో గీసిన గడులు, వాటిలో 27 గడులకు నీలి సిరా టిక్కులు. మొదటి వారంలోవి చిన్నగా, తేలికగా ఉన్నాయి, ఇరవయ్యో రోజు దాటాక పెట్టినవి మాత్రం వెనక పేజీలో అచ్చు పడేంత ఒత్తిగా ఉన్నాయి. ఆ ఒత్తిడిలో ప్రార్థనకన్నా లెక్కే ఎక్కువగా కనిపించి, నాకు నిజంగా సిగ్గు వేసింది.

మధ్యాహ్నం కాస్త తీరిక దొరికినప్పుడు బైబిల్లో సమూయేలు మొదటి గ్రంథం నాల్గవ అధ్యాయం చదివాను. శత్రువులైన ఫిలిష్తీయుల చేతిలో దాదాపు 4,000 మంది ఇశ్రాయేలీయులు హతులయ్యాక, యెహోవా నేడు మనల్ని ఎందుకు ఓడించాడని ఇశ్రాయేలు పెద్దలు అడిగారు. అడగవలసిన ప్రశ్నే అది. కానీ జవాబు కోసం వాళ్లు కాసేపైనా ఆగినట్టు అక్కడ లేదు. వెంటనే షిలోహు నుంచి నిబంధన మందసాన్ని, అంటే దేవుని ఆజ్ఞల పలకలు ఉంచిన పవిత్రమైన పెట్టెను, తెప్పించారు. అది పాళెంలోకి రాగానే భూమి ప్రతిధ్వనించేలా కేకలు వేశారు. ఆ తర్వాతి యుద్ధంలో 30,000 మంది కాల్బలం కూలింది, మందసం శత్రువుల చేతికి చిక్కింది. దేవుడే చేయించిన పవిత్ర వస్తువును అడ్డం పెట్టుకుని, ఇక ఆయన తమ పక్షాన నిలబడక తప్పదని వాళ్లు అనుకున్నారు. నా గడులు కూడా అలాంటివే కదా అనిపించింది.

అక్కడితో ఆపలేక ఆరో అధ్యాయం దాకా చదివాను. ఏడు నెలల తర్వాత ఫిలిష్తీయులు మందసాన్ని కొత్త బండి మీద పెట్టి, రెండు పాడి ఆవులను కట్టి, దూడలను ఇంటి దగ్గరే ఉంచి వదిలేస్తే, ఆ ఆవులు అరుస్తూనే, కుడికి గాని ఎడమకు గాని తిరగకుండా ఇశ్రాయేలీయుల ఊరైన బేత్షెమెషు దారి పట్టాయి. ఈ భాగం ఇంతకుముందు ఎన్నోసార్లు చదివాను. బండి తోలేవాడు లేడన్న సంగతి ఈరోజే కంటపడింది.

క్రమం తప్పకుండా ప్రార్థించడం తప్పని నేను అనుకోను. దానియేలు రోజుకు మూడుమార్లు మోకాళ్లూనేవాడు, రాజుకు తప్ప ఎవరికీ మొరపెట్టకూడదన్న రాజశాసనం వెలువడిందని తెలిశాక కూడా మానలేదు. అయితే ఆ ప్రార్థన అతన్ని సింహాల గుహలో పడకుండా ఆపలేదు, ఆపాలన్న షరతూ అతను పెట్టలేదు. ఫలితం మీద మన ప్రార్థనకు హక్కు ఉందనుకున్నామా, ఇక తండ్రితో మాట్లాడటం మాని, బాకీ వసూలుకు వచ్చినవాళ్లలా ఆయన గుమ్మం ముందు నిలబడతాం. బయటికి అదంతా భక్తిలాగే కనిపిస్తుంది గనుక, మనకే తెలియకుండా ఏళ్ల తరబడి అలాగే నిలబడి ఉండగలం.

సాయంత్రం తమ్ముడు ఫోన్ చేశాడు. ఫలితం వారంలో చెబుతారట.

“పొద్దున ప్రార్థన చేశావా అక్కా?” అని అడిగాడు.

“లేవలేకపోయాను రా” అన్నాను. ఆ మాట చెప్పడానికి గొంతు పట్టేసింది.

అతను కాసేపు ఊరుకుని, “పోనీలే అక్కా, ఇప్పుడు చేద్దాం” అన్నాడు.

సిలువకు ముందటి రాత్రి గెత్సేమనే తోటలో యేసు ప్రభువు “అబ్బా తండ్రీ” అని పిలిచి, రాబోయే శ్రమల గిన్నెను తొలగించమని దాపరికం లేకుండా అడిగి, ఆ తర్వాత “నీ చిత్తప్రకారమే” అని అప్పగించుకున్నాడు. నేనూ ఆ వరుసలోనే ప్రార్థించాను. ఉద్యోగం కావాలని అడిగాను, ఎందుకంటే నిజంగానే కావాలి. ఆ 27 రోజుల ఊసు ఎత్తలేదు. రెండో మాట దగ్గర మాత్రం చాలాసేపు ఆగిపోయాను. తమ్ముడు అవతల మౌనంగా ఎదురుచూశాడు.

రేపటికి కూడా అలారం ఐదింటికే పెట్టాను. 28వ గడిని ఖాళీగానే ఉంచేశాను.