ముఖానికి ఎల్‌ఈడీ మాస్కు ఎంచుకున్న నా అనుభవం

లోపలి చిన్న దీపాల వెలుతురును చర్మం మీద పడనిచ్చే, ముఖానికి తొడుక్కునే ఎల్‌ఈడీ మాస్కు కొనాలన్న ఆలోచన నాకు రెండేళ్ల కిందట వచ్చింది. అప్పటికి నా వయస్సు నలభై ఆరు. తిరుపతిలో ఒక డిగ్రీ కళాశాలలో భౌతికశాస్త్రం చెబుతాను. బైరాగిపట్టెడలోని ఇంటి నుంచి కళాశాలకు స్కూటరు మీద వెళ్లి రావడం ఏళ్ల తరబడి అలవాటు కాబట్టి ఇక్కడి ఎండ ఎంత పడాలో అంతా నా ముఖం మీద పడింది. రెండో కాన్పు తర్వాత బుగ్గల మీద వచ్చిన మంగు పూర్తిగా పోలేదు, కళ్ల చివర సన్నని ముడతలు మొదలయ్యాయి. పంతొమ్మిదేళ్ల మా అమ్మాయికి గడ్డం చుట్టూ మొటిమలు. ఒకే మాస్కుతో ఇద్దరి బాధా తీరుతుందనుకున్నాను. ఆ లెక్క తప్పని తెలుసుకుని, నాకు సరిపడే మాస్కు ఏదో తేల్చుకోవడానికి ఐదు నెలలు పట్టింది. చామనఛాయ చర్మం ఉన్నవారికి ఆ ఐదు నెలల్లో నేను నేర్చుకున్నది పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

మొదట కొన్న మాస్కు ధర 3,499 రూపాయలు. తెల్లని గట్టి ప్లాస్టిక్‌తో చేసినది, లోపల నూట యాభై దీపాలు, చేతిలో పట్టుకునే చిన్న రిమోటు. డబ్బా మీద ఏడు రంగులూ వాటి గుణాలూ అచ్చు వేశారు. ఎరుపు ముడతలకు, నీలం మొటిమలకు, పసుపు ఎర్రదనానికి, ఆకుపచ్చ మచ్చలకు, ఇలా ఒక్కో రంగుకు ఒక్కో ఫలితం. ఏ రంగుకు ఎన్ని నానోమీటర్ల తరంగదైర్ఘ్యమో, అంటే ఆ రంగును కచ్చితంగా తేల్చే సంఖ్య ఏమిటో, డబ్బా మీద గాని లోపలి కాగితంలో గాని ఎక్కడా లేదు. ప్రతి ఏడాదీ బోర్డు మీద తరంగదైర్ఘ్యం గురించి రాసే నేను ఆ సంఖ్య లేకుండా వస్తువు కొన్నందుకు చాలా బాధపడ్డాను.

మా ప్రయోగశాలలో వెలుతురులోని రంగులను కొలిచే స్పెక్ట్రోమీటరు, ఆ రంగులను విడదీసే, అంగుళానికి పదిహేను వేల గీతలున్న గ్రేటింగు ఉన్నాయి. ఒక శనివారం మధ్యాహ్నం, పిల్లలు వెళ్లిపోయాక, ముందు సోడియం దీపంతో పరికరాన్ని సరిచేసుకున్నాను. సోడియం పసుపు గీత 589 నానోమీటర్ల దగ్గర ఉంటుంది, మా గ్రేటింగుతో అది ఇరవై డిగ్రీలు దాటగానే కనిపిస్తుంది. తర్వాత మాస్కును పరికరం సన్నని చీలిక ముందు నిలబెట్టి 'పసుపు' నొక్కాను. సోడియం గీత కనబడిన చోట చీకటే ఉంది. దానికి ఒక పక్కన ఆకుపచ్చ పట్టీ, మరో పక్కన ఎర్ర పట్టీ, రెండూ విడివిడిగా కనిపించాయి. అంటే ఆ మాస్కులో పసుపు దీపమే లేదు. ఎరుపు, ఆకుపచ్చ కలిపి వెలిగిస్తే మన కంటికి పసుపుగా తోస్తుంది, చర్మానికి చేరేది మాత్రం ఆ రెండే. ఊదా రంగుదీ అదే కథ. ఏడు రంగులన్నవి నిజానికి మూడు దీపాల కలయికలు.

అంతకన్నా ముఖ్యమైనది నీలం. మొటిమలకు నీలి వెలుతురు పనిచేయడానికి ఒక స్పష్టమైన కారణముంది. చర్మరంధ్రాల్లో ఉండే క్యూటిబ్యాక్టీరియం ఆక్నెస్ అనే సూక్ష్మజీవి పార్ఫిరిన్లు అనే పదార్థాలను తయారుచేస్తుంది. ఆ పార్ఫిరిన్లు 415 నానోమీటర్లకు అటూఇటూ ఉన్న వెలుతురును బాగా పీల్చుకుని, చురుకైన ఆక్సిజన్‌ను పుట్టించి, ఆ సూక్ష్మజీవినే దెబ్బతీస్తాయి. నా గ్రేటింగులో ఆ మాస్కు నీలం 465 దగ్గర పడింది. అలంకరణ దీపాల్లో వాడే మామూలు నీలం అది. కంటికి రెండూ నీలమే అయినా, పార్ఫిరిన్లు 465 దగ్గర పీల్చుకునేది 415 దగ్గరి దానితో పోలిస్తే చాలా తక్కువ. అమ్మాయి అప్పటికి పది రోజులుగా రోజూ పదిహేను నిమిషాలు ఆ మాస్కు పెట్టుకుని పడుకుంటోంది. స్పెక్ట్రోమీటరు లేనివారు కూడా కొంతవరకు ఈ పరీక్ష చేసుకోవచ్చు. పాత సీడీ ఒకటి తీసుకుని, చీకటి గదిలో మాస్కు మీద నల్ల కాగితం కప్పి, సన్నని చీలిక నుంచి వచ్చే వెలుతురును సీడీ మీద పడనిస్తే, పసుపు ఒకే రంగో రెండు రంగుల కలయికో తెలిసిపోతుంది. కచ్చితమైన సంఖ్య రాదు గాని మోసం మాత్రం దాగదు.

మాస్కు వాపసు తీసుకోమని అమ్మినవారిని అడిగాను. ముఖానికి వాడే వస్తువు డబ్బా తెరిస్తే వెనక్కి తీసుకోబోమన్నారు. ఆ డబ్బు పోయినట్టే.

అప్పుడు చేయవలసిన పని ముందే చేయవలసినదని తెలిసి, అమ్మాయిని వెంటబెట్టుకుని చర్మవ్యాధుల నిపుణురాలి దగ్గరకు వెళ్లాను. మాస్కు కొన్న సంగతి చెప్పగానే ఆమె నా బుగ్గలను దీపం కింద చూసి, "మంగు ఉన్నవాళ్లు నీలం జోలికి వెళ్లకండి మేడమ్, ఇంకా నల్లబడుతుంది" అన్నారు. ఎండలోని అతినీలలోహిత కిరణాలే నల్లబరుస్తాయని నేను అనుకునేదాన్ని. ఇంటికి వచ్చి చదివితే ఆమె మాట వెనుక ఎంత ఆధారముందో తెలిసింది. కంటికి కనిపించే వెలుతురు ఛాయ తక్కువగా ఉన్నవారి చర్మాన్ని నల్లబరుస్తుందనీ, తెల్లని చర్మం మీద ఆ ప్రభావం కనబడలేదనీ 2010లో ఒక పరిశోధన చూపింది. 2014లో 415 నానోమీటర్ల నీలాన్నీ 630 ఎరుపునూ పక్కపక్కన పెట్టి పరీక్షించినప్పుడు, నీలంతో వచ్చిన నలుపు మూడు నెలల దాకా నిలిచింది, ఎరుపుతో నలుపు రాలేదు. ఈ మాస్కుల ప్రకటనల్లో కనిపించే ముఖాలు దాదాపు అన్నీ తెల్లనివే. ఆ ముఖానికి నప్పినది మన ముఖానికి నప్పుతుందో లేదో ప్రకటన చెప్పదు, మనమే అడిగి తెలుసుకోవాలి. ఈ ఒక్క విషయం ముందే తెలిసి ఉంటే నేను ఏడు రంగుల మాస్కు వైపు చూసేదాన్నే కాదు.

అమ్మాయికి డాక్టరు రాత్రిపూట రాసుకునే అడాపలీన్ జెల్లు, డాక్సీసైక్లిన్ మాత్రలు రాశారు. డాక్సీసైక్లిన్ వెలుతురుకు చర్మాన్ని సున్నితం చేసే మందు కాబట్టి అది వాడినన్నాళ్లూ ఏ మాస్కూ వద్దన్నారు. ఐసోట్రెటినాయిన్ అనే మొటిమల మందు వాడేవారు, లూపస్ అనే రోగనిరోధక వ్యవస్థ జబ్బు ఉన్నవారు, మెరిసే వెలుతురుకు మూర్ఛ వచ్చేవారు, కంటి రెటీనా జబ్బులున్నవారు కూడా వైద్యులను అడగకుండా వీటిని ముట్టుకోకూడదట. అమ్మాయి ముఖం చిన్నబోయింది. "అయితే ఇది నీకేనా అమ్మా?" అంది. ఔననక తప్పలేదు. ఒకే మాస్కు ఇద్దరికీ అన్న నా లెక్క అక్కడితో పోయింది, ఎంపిక మాత్రం తేలికైంది. నాకు కావలసింది ఎరుపు, దానితోపాటు కంటికి కనబడని సమీప పరారుణం.

ఎరుపు ఎందుకు పనిచేస్తుందన్నది నాకు చాలా ఇష్టమైన భాగం. కణంలోని మైటోకాండ్రియాలో సైటోక్రోమ్ సి ఆక్సిడేజ్ అనే ఎంజైము ఉంది. అది ఎరుపు, సమీప పరారుణ వెలుతురును పీల్చుకుని కణం శక్తిని తయారుచేసే పనిని పెంచుతుందన్నది ఎక్కువమంది చెప్పే వివరణ. చర్మానికి బిగువునిచ్చే కొలాజెన్ తయారీ చర్మం లోతుల్లో దాని వల్ల మెరుగుపడుతుందని అంటారు. 1967లో హంగరీ వైద్యుడు ఎండ్రె మెస్టర్ బలహీనమైన ఎర్ర లేజరుతో చేసిన ప్రయోగంలో, గుండు గీసిన ఎలుకలకు వెంట్రుకలు త్వరగా పెరగడం గమనించాడు. ఈ రంగమంతా అక్కడి నుంచి మొదలైంది. అందుకే ఇదంతా నిన్నమొన్నటి మోజు అని కొట్టిపారేయలేకపోయాను.

ఇక సంఖ్యల దగ్గరికి వస్తే, నేను చూసినవి మూడే. మొదటిది తరంగదైర్ఘ్యం: ఎరుపు 630 లేదా 633, పరారుణం 830 చుట్టుపక్కల. రెండవది చదరపు సెంటీమీటరుకు ఎన్ని మిల్లీవాట్లు. మూడవది ఎంతసేపు. ఈ చివరి రెండింటినీ గుణిస్తే చర్మానికి అందే మోతాదు వస్తుంది. చదరపు సెంటీమీటరుకు 30 మిల్లీవాట్ల మాస్కును పది నిమిషాలు, అంటే 600 సెకన్లు పెట్టుకుంటే చదరపు సెంటీమీటరుకు 18 జౌళ్ల శక్తి అందుతుంది. దీపాల సంఖ్య ఎక్కువైతే గొప్ప అనుకోవడం పొరపాటు. ఒక్కో దీపం ఎంత బలంగా ఉంది, అవి ముఖానికి ఎంత దగ్గరగా, సమంగా ఆనుతున్నాయి అన్నవే లెక్క. గట్టి ప్లాస్టిక్ మాస్కు నా చెంపల దగ్గర వేలెడు ఎడంగా నిలిచేది, మెత్తని సిలికాన్ మాస్కు అంటుకుని కూర్చుంటుంది. మోతాదు పెంచితే ఫలితం పెరుగుతుందనీ అనుకోకూడదు. ఒక హద్దు దాటాక ఫలితం తగ్గుతుంది, చర్మం వేడెక్కుతుంది. మంగుకు వేడి కూడా మంచిది కాదు.

పరారుణం ఉందో లేదో చూడడానికి ఫోను కెమెరా వాడాను. ముందు టీవీ రిమోటును ఫోను ముందర నొక్కి చూడాలి. దాని కొసన ఊదారంగు మెరుపు తెర మీద కనిపిస్తే ఆ కెమెరాకు పరారుణం కనబడుతుందని అర్థం. నా ఫోనులో వెనుక కెమెరాకు కనబడలేదు, ముందు కెమెరాకు కనబడింది.

ఈ పరీక్షలు చేస్తున్నప్పుడే మా అత్తమ్మ ఒక మాటన్నారు. ఆమె అంతకు ముందే తిరుపతిలోని అరవింద కంటి ఆసుపత్రిలో శుక్లాల ఆపరేషన్ చేయించుకున్నారు. "కండ్లు మూసుకున్నా వెలుతురు లోపలికి పోతా ఉంటాది గదమ్మా, కండ్లకేమన్నా అయితే ఎట్ల?" అని అడిగారు. ఆమె భయం న్యాయమైనదే. 2019లో అమెరికాలో బాగా అమ్ముడైన ఒక మొటిమల మాస్కును, కొన్ని కంటి జబ్బులున్నవారికీ కొన్ని మందులు వాడేవారికీ హాని కలగవచ్చునన్న అనుమానంతో తయారీదారులే వెనక్కి తీసుకున్నారు. పరారుణం కనబడదు కాబట్టి దానికి కనుపాప ముడుచుకోదు, రెప్ప వాలదు. అందువల్ల కంటి చుట్టూ మెత్తని అడ్డు లేని మాస్కులన్నింటినీ జాబితా నుంచి తీసేశాను.

మరొకటి ఎఫ్‌డీఏ, అంటే అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ మాట. మొదటి డబ్బా మీద 'ఎఫ్‌డీఏ అప్రూవ్డ్' అని ముద్ర ఉంది. ఇలాంటి పరికరాలకు అమెరికాలో సాధారణంగా ఇచ్చేది అప్రూవల్ కాదు, 510(కె) క్లియరెన్సు. ఇప్పటికే మార్కెట్లో ఉన్న పరికరానికి ఇది సమానమైనదని తేల్చడం దాని అర్థం. కె అక్షరంతో మొదలయ్యే సంఖ్య ఒకటి ఉంటుంది, ఎఫ్‌డీఏ వెబ్‌సైటులో ఎవరైనా వెతుక్కోవచ్చు. మా డబ్బా మీద ఆ సంఖ్య లేదు, కంపెనీ పేరుతో వెతికినా ఏమీ రాలేదు.

చివరికి కరెంట్‌బాడీ, ఆమ్నిలక్స్ అనే రెండింటి మధ్య ఆగాను. రెండూ సిలికాన్‌వే, రెండింటిలోనూ 633, 830 ఉన్నాయి, రెండూ పది నిమిషాలవే. ధర మాత్రం అప్పట్లో నాలుగు వందల డాలర్లకు దగ్గర, మా ఇంటి లెక్కలో అది చిన్న మొత్తం కాదు. రెండు నెలలు ఆగి, అమెరికాలో ఉన్న మా తమ్ముడు వచ్చేటప్పుడు ఆమ్నిలక్స్ తెప్పించుకున్నాను. చెడిపోతే ఇక్కడ బాగుచేయించడం కష్టమని తెలిసే తీసుకున్నాను. వచ్చిన రోజే ప్రయోగశాలకు పట్టుకెళ్లాను. గ్రేటింగులో ఒకే ఎర్ర పట్టీ, దాని నడిమి భాగం 633కు ఆనుకుని ఉంది. ఫోను ముందు కెమెరాలో పరారుణ దీపాలు వెలిగాయి. అప్పుడు మనసు కుదుటపడింది.

వాడకం ఇలా సాగింది. వారానికి నాలుగు రాత్రులు, సబ్బుతో కడిగి పూర్తిగా తుడిచిన ముఖం మీద పది నిమిషాలు. క్రీములన్నీ దాని తర్వాతే. పగటిపూట ఐరన్ ఆక్సైడ్ ఉన్న రంగు సన్‌స్క్రీను తప్పనిసరి, ఎందుకంటే కనిపించే వెలుతురును మామూలు సన్‌స్క్రీను సరిగా ఆపలేదు. మొదటి రోజునే వంటింటి కిటికీ పక్కన, ఉదయం ఏడున్నరకు, గోడకు వీపు ఆనించి ఫోటో తీసుకున్నాను. రెండు వారాలకోసారి అదే చోట, అదే వేళకు తీశాను. అద్దంలో చూసుకున్న ముఖాన్ని నమ్మలేం, వెలుతురు మారితే ముఖమూ మారినట్టే ఉంటుంది.

పన్నెండు వారాల తర్వాత ఫోటోలు పక్కపక్కన పెట్టి చూస్తే, కంటి చివరి గీతలు కొంచెం మెత్తబడ్డాయి, చర్మం మునుపటి కన్నా నునుపుగా ఉంది. ఎదుటివారు గుర్తించేటంత మార్పు కాదు, నాకు తెలుస్తుంది. మంగు ఉన్నచోటే ఉంది. తగ్గలేదు, పెరగలేదు. పెరగకపోవడమే నాకు కావలసింది. దాన్ని తగ్గించే పని డాక్టరు ఇచ్చిన క్రీముది, ఆ సన్‌స్క్రీనుది. అమ్మాయి మొటిమలు మాస్కు లేకుండానే, మందులతోనే మూడు వంతులు తగ్గాయి.

ఏప్రిల్ చివరి వారంలో ఎండలు నలభై డిగ్రీలు దాటాక, రాత్రిపూట కూడా మాస్కు కింద చెమట పట్టి చెంపలు వెచ్చబడుతున్నాయని గమనించి డాక్టరుకు చెప్పాను. మే నెలంతా ఆపమన్నారు. మాస్కును తడి గుడ్డతో తుడిచి, ఆరబెట్టి, బీరువాలో పెట్టాను. వానలు పడి గాలి చల్లబడ్డాక మళ్లీ తీస్తాను, ఈసారి ఫోటోలు కొత్తగా మొదటి నుంచి మొదలుపెడతాను.