ఆ అక్క చేసిన ప్రార్థన

ఇంట్లో ఒకరి ఆరోగ్య పరీక్షల రిపోర్టుల కోసం ఎదురుచూస్తున్నాం. టెన్షన్‌తో రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదు. ప్రార్థన చేద్దామని మోకరిస్తే మాటలు కూడా రావడం లేదు. నిన్న మా చర్చి సంఘంలోని ఒక అక్క ఫోన్ చేసి, "నువ్వేం మాట్లాడక్కర్లేదమ్మా, నేను ప్రార్థన చేస్తాను, విను చాలు" అన్నారు. సలహాలు ఇవ్వలేదు, అంతా మంచే జరుగుతుందని మాటా ఇవ్వలేదు. మా పేర్లు ఒక్కొక్కటీ దేవుని ముందు పెట్టారు, అంతే. చాలా రోజుల తర్వాత నా గుండె కుదుటపడింది.

తర్వాత బైబిల్ తీసి, అపొస్తలుడైన పౌలు ఫిలిప్పీ పట్టణంలోని సంఘానికి రాసిన ఉత్తరం, అంటే ఫిలిప్పీయులకు రాసిన పత్రిక తెరిచాను. చింతపడకండి, దేవుని సమాధానం (శాంతి) మీ హృదయాలకు కావలి ఉంటుంది అనే 4వ అధ్యాయం మనలో చాలామందికి కంఠస్థమే. పౌలు దాన్ని బంధకాల్లో, అంటే ఖైదులో ఉండి రాశాడనీ తెలుసు. ఈసారి నన్ను ఆపింది మాత్రం ఎపఫ్రొదితు. ఫిలిప్పీ సంఘం ఇచ్చిన సహాయాన్ని మోసుకుంటూ పౌలు దగ్గరికి వెళ్లినవాడు. ఆ సేవలోనే జబ్బుపడి చావు దాకా వెళ్లాడని 2వ అధ్యాయంలో ఉంది. అంత సమాధానంతో రాసిన పౌలుకి కూడా దేవుడు ఒక మనిషిని తోడుగా పంపాడు! సిలువకు ముందు రాత్రి గెత్సేమనే తోటలో యేసు ప్రభువే శిష్యులను తనతో మెలకువగా ఉండమని అడిగాడు కదా.

రిపోర్టులు ఇంకా రాలేదు. మా కోసం ప్రార్థించండి. మీలో ఎవరికైనా ప్రార్థన అవసరమైతే మెసేజ్ పెట్టండి, నేనే ఫోన్ చేస్తాను.