సీసా మూత దగ్గర పోయిన ఎండాకాలం

నేను చదివింది ఎమ్మెస్సీ కెమిస్ట్రీ. పీహెచ్‌డీ మాత్రం కొల్లేటి నీళ్ల మీద, అందులోని చేపల మీద. అమ్మ ఇప్పటికీ దీన్ని ‘నీళ్లు పట్టే చదువు’ అంటుంది. అందులో తప్పేమీ లేదు.

నీటి అణువులన్నీ ఒకే బరువుండవు. ఆక్సిజన్-16 ఉన్నవి తేలిక, ఆక్సిజన్-18 ఉన్నవి బరువు. ఎండకు తేలికవి ముందు లేచిపోతాయి, బరువైనవాటి పాలు పెరుగుతుంది. హైడ్రోజన్‌లోనూ ఇలాగే డ్యుటీరియం అనే బరువైన రకం ఉంది. అడ్డంగా ఆక్సిజన్-18నీ, నిలువుగా డ్యుటీరియాన్నీ పెట్టి గ్రాఫు గీస్తే, ప్రపంచంలో ఎక్కడి వాన నీరైనా దాదాపు 8 వాలు ఉన్న ఒకే గీత మీదికి వస్తుందని 1961లో హార్మన్ క్రెయిగ్ చూపించారు. కొంత ఆవిరైపోగా మిగిలిన నీరు ఆ గీతను వదిలి, తక్కువ వాలుతో పక్కకు ఒరుగుతుంది. బుడమేరు, తమ్మిలేరు తెచ్చిందెంత, ఉప్పుటేరు గుండా ఎగదన్నిన సముద్రమెంత, ఎండకు పోయిందెంత అన్నది తేల్చడం నా పని.

మొదటి వేసవిలో దోనె మీద తిరిగి 64 సీసాలు నింపాను. “ఇన్ని నీళ్లు ఏం చేసుకుంటారమ్మా?” అని దోనె నడిపే పెద్దాయన అడిగారు. “తూకం వేస్తాను బాబాయ్” అంటే చాలాసేపు నవ్వారు.

ఈ బరువు తేడాలు కొలిచే మాస్ స్పెక్ట్రోమీటర్ మా దగ్గర లేదు. వేరే ఊళ్లో వంతు రావడానికి ఏడు నెలలు పట్టింది. అంతకాలం సీసాలు బల్ల కిందే ఉన్నాయి. తీరా ఫలితాలు చూస్తే గ్రాఫు మీద చుక్కలన్నీ 5 వాలుతో ముచ్చటగా వరస కట్టాయి. మా గైడ్ మేడం సంతోషించారు. నేను వ్యాసం రాయడం మొదలుపెట్టాను.

పట్టించింది క్లోరైడ్. నీళ్లలో కరిగిన ధన అయాన్ల ఆవేశం, క్లోరైడ్ లాంటి రుణ అయాన్ల ఆవేశం సమానంగా తూగాలి, కొలతల్లో తేడా 5 శాతం లోపుండాలి. నాకు ఉండటం లేదు. రుణ అయాన్లను కొల్లేరు దగ్గర అదే రోజు కొలిచాను, ధన అయాన్లను నెలల తరవాత. అనుమానం వచ్చి, సీసాలో మిగిలిన నీటికి క్లోరైడ్ మళ్లీ చేశాను. సిల్వర్ నైట్రేట్ చుక్కలు పడుతున్నాయి, పసుపు రంగు ఎంతకీ ఇటుక రంగులోకి తిరగదు. పాత లెక్క కంటే 12 శాతం ఎక్కువ. మూసి ఉన్న సీసాలో క్లోరైడ్ పుట్టదు, నీరే తగ్గింది. మూత సరిగా పట్టలేదు, పైన వేలెడు ఖాళీ కూడా వదిలాను.

“మేడం, కొల్లేరు ఎంత ఆవిరైందో, మన సీసాలు ఎంత ఆవిరయ్యాయో ఇక విడదీయలేం” అన్నాను. క్లోరైడ్‌తో సరిదిద్దవచ్చని ఒక రోజు ఆశపడ్డాను గానీ, దానికి గదిలోని తేమ లెక్క కావాలి. అది ఎవరు రాసిపెట్టారు! ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. తరవాత “ఏప్రిల్‌లో మళ్లీ వెళ్లు” అన్నారు.

రెండోసారి 30 మిల్లీలీటర్ల సీసాలు తీసుకెళ్లాను. నీళ్లలోనే ముంచి అంచు దాకా నింపడం, మూత బిగించి తలకిందులు చేయడం, బుడగ కనిపిస్తే పారబోయడం. ఏ చేప ఆహార గొలుసులో ఏ మెట్టు మీద ఉందో తేల్చే పని తేలికగానే సాగింది. కండ ముక్కను ఎండబెట్టి, పొడి చేసి, ఒక మిల్లీగ్రాము తగరపు గుళికలో చుట్టాలి. ఫ్యాను ఆపేయాలి, తుమ్మకూడదు. ఒక్కో ఆహార మెట్టు ఎక్కేకొద్దీ బరువైన నైట్రోజన్-15 వెయ్యికి సుమారు 3.4 వంతులు పెరుగుతుంది కాబట్టి కొర్రమీను పైన, బొచ్చె కింద. అయితే చెరువుల వ్యర్థాలు కలిసే చోట అడుగు మెట్టే పైకి లేచి ఉంటుంది. అందుకే అడుగు మెట్టు ఎక్కడుందో తెలియడానికి ప్రతి చోటా నత్తలను కూడా ఏరాను.

పట్టా వచ్చాక అసలు తిప్పలు మొదలయ్యాయి. కెమిస్ట్రీ వాళ్లు “మీది చేపల పని కదా” అన్నారు. జువాలజీ వాళ్లు “మీ పీజీ కెమిస్ట్రీ కదా” అన్నారు. దరఖాస్తులో ‘సంబంధిత సబ్జెక్టు’ అన్న గడి ముందు రెండేళ్లు గడిచాయి. చివరికి భూగర్భజలాల పరిశోధన చేసే ఒకచోట, మీ పనిలో పెద్ద పొరపాటు చెప్పమని అడిగారు. ఆ 64 సీసాల సంగతి ఇరవై నిమిషాలు చెప్పాను.

చేరిన వారంలో నేను రాసిన మొదటి ఇండెంట్: 30 మిల్లీలీటర్ల సీసాలు 1,000, లోపలి మూత ఉన్నవి మాత్రమే.